నూలు ఇచ్చిపుచ్చుకోవడం: క్రోషే అల్లేవారికి ఒక మార్గదర్శిని

కొక్కెం మొన ఉన్న సూదితో క్రోషే అల్లేవారి ఇంట్లో బీరువాలో ఒక అరైనా, మంచం కింద ఒక పెట్టైనా నూలుతో నిండి ఉండటం మామూలే. శాలువాకు నాలుగు ఉండలు చాలని తెలిసినా, అదే రంగు మళ్ళీ దొరుకుతుందో లేదోనని ఆరు కొంటాము. మిగిలిన రెండు ఉండలతో ఇంకో శాలువా పూర్తికాదు, అలాగని వాటిని ఎవరికైనా ఊరికే ఇచ్చేయడానికీ మనసొప్పదు. అవే రెండు ఉండలు మరొకరి దగ్గర సగంలో ఆగిన దుప్పటికి అంచుగానో, మనుమరాలి టోపీగానో మారే వీలున్నప్పుడు, వాటిని ఏళ్ళ తరబడి పెట్టెలో దాచడం కన్నా అవి ఎవరికి అక్కరకు వస్తాయో వెతికి పంపడమే మేలు. బదులుగా మనకు వచ్చే నూలు చాలాసార్లు మనం దుకాణంలో చేయి కూడా వేయని రంగై ఉంటుంది. లేత గులాబీ, గోధుమ రంగు దాటి ఎన్నడూ వెళ్ళనివారికి నెమలికంఠం నీలం, మామిడిపండు పసుపు కలిసి వచ్చినప్పుడు, వాటితో ఏం అల్లాలా అని ఆలోచించడంలోనే సగం సంతోషం ఉంది.

తెలుగువారి మధ్య ఈ మార్పిడికి మంచి అవకాశాలు ఉన్నాయి. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నేటికీ ఇంటింటా సాగుతోంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అక్కడి చేతులకు అలవాటైనది సన్నని పత్తి దారం, ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే ఉక్కు సూది. హైదరాబాద్, విజయవాడ దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది అక్రిలిక్ ఊలు. దానికి నాలుగు మిల్లీమీటర్ల సూది కావాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన బంధువులకు మెరీనో, అల్పాకా వంటి జంతు ఊలు రకాలు అందుబాటులో ఉంటాయి. ఒకరికి సులువుగా దొరికేది మరొకరికి అరుదైనది కావడం వల్లనే ఈ ఇచ్చిపుచ్చుకోవడం రక్తికడుతుంది.

అయితే ఒక్క మాట ముందుగానే చెప్పాలి. లేసు అల్లికే జీవనోపాధిగా ఉన్న స్త్రీల నుంచి అల్లిన వస్తువును మార్పిడి పేరుతో తీసుకోకూడదు. రోజంతా కూర్చుని అల్లిన బల్లగుడ్డకు వారికి ముట్టే కూలి ఇప్పటికే తక్కువ. దానికి తగిన ధర చెల్లించి కొనుక్కోవాలి. నూలు మార్పిడి సరదా కోసం అల్లేవారి మధ్య జరగవలసిన వ్యవహారం.

ముందుగా మాట అనుకోవడం

మొదటిసారి ఒక్కరితో, అదీ ఇంతకు ముందు పరిచయం ఉన్నవారితో మొదలుపెట్టడం మంచిది. అలవాటైన తర్వాత ఆరుగురో ఎనిమిదిమందో కలిసి చేయవచ్చు. అప్పుడు చిరునామాలు, తేదీలు, ఎవరు ఎవరికి పంపాలన్న జాబితా చూసుకునే బాధ్యత ఒకరు తీసుకోవాలి. బృందంలో జతలుగా మార్చుకోవడం ఒక పద్ధతి. మొదటివారు రెండోవారికి, రెండోవారు మూడోవారికి, చివరివారు మొదటివారికి పంపే గొలుసు మరో పద్ధతి. గొలుసులో ఎవరు పంపుతున్నారో చివరిదాకా తెలియని ఉత్సాహం ఉన్నమాట నిజమే గాని, మధ్యలో ఒక్కరు ఆలస్యం చేసినా, తాను సకాలంలో పంపి కూడా ఏమీ అందుకోనివారు ఒకరు మిగిలిపోతారు. కొత్త బృందానికి జతల పద్ధతినే నేను సూచిస్తాను.

ఎంత నూలు మార్చుకోవాలన్నది ఉండల లెక్కన అనుకోకూడదు, బరువు లెక్కన మాత్రమే అనుకున్నా చాలదు. వంద గ్రాముల డీకే (మరీ సన్నమూ మరీ లావూ కాని) మందం నూలు దాదాపు 200 నుంచి 230 మీటర్ల వరకు వస్తుంది. అదే వంద గ్రాములు బాగా లావు నూలైతే అందులో సగం పొడవు కూడా రాకపోవచ్చు. కాబట్టి ఇద్దరూ ఒకే మందం ఎంచుకుని మీటర్లలో మాట అనుకోవాలి, లేదా మందాన్ని ఎవరి ఇష్టానికి వారికి వదిలి రూపాయల్లో ఒక పైపరిమితి పెట్టుకోవాలి. దారం కొత్తదే కావాలా, వాడగా మిగిలినదైనా సరేనా అన్నది దాచకుండా అడగాలి. మిగిలిన నూలు ఇవ్వడం ఏమాత్రం చిన్నతనం కాదు. కొత్తదని ఎదురుచూసినవారికి చెప్పకుండా మిగిలినది పంపితే మాత్రం మనసు నొచ్చుకుంటుంది. గడువుగా చేరవలసిన తేదీని కాక, టపాలో వేయవలసిన తేదీని పెట్టుకోవాలి, ఎందుకంటే మన చేతిలో ఉన్నది అంతవరకే.

ఎదుటివారి గురించి తెలుసుకోవలసినవి

నూలు ఎంచడానికి ముందు ఎదుటివారి చేతిని, ఇంటిని, వాతావరణాన్ని తెలుసుకోవాలి. వారు ఎక్కువగా ఏం అల్లుతారు, ఏ సైజు సూదులు వారి దగ్గర ఉన్నాయి, ఏ పోగు (పత్తి, ఊలు వంటి నూలు రకం) వారి చర్మానికి పడదు అన్నవి మొదటి ప్రశ్నలు. మొహైర్ వంటి నూగు ఊలు కొందరికి దురద పెడుతుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉక్కపోతలో కూర్చుని అల్లేవారికి జంతు ఊలు పంపితే అది పెట్టెలోనే ఉండిపోతుంది. అక్కడివారికి పత్తి గాని, పత్తీ వెదురూ కలిసిన నూలు గాని ఆనందం కలిగిస్తుంది. అదే చలి దేశంలో ఉన్నవారికి మన పత్తి దారం వేసవి బట్టలకు, వంటింటి గుడ్డలకు, తోరణాలకు పనికివస్తుంది. అమెరికాలో చాలా ఇళ్ళలో బట్టలు ఆరబెట్టేది యంత్రంలోనే కనుక, పసిపిల్లల దుప్పటికి పంపే ఊలు యంత్రానికి తట్టుకునేదో కాదో చూసి పంపాలి.

వయసును కూడా మరచిపోకూడదు. నల్ల నూలులోనూ ముదురు నీలంలోనూ కుట్టు ఎక్కడ ముగిసిందో రాత్రి దీపం కింద చూసుకోవడం కుర్రవాళ్ళకే కష్టం. కళ్ళజోడు పెట్టుకుని సాయంత్రాలు అల్లే పెద్దమ్మగారికి లేత రంగులో నునుపుగా, పోగులు విడిపోకుండా గట్టిగా పురి పెట్టిన నూలు పంపితే ఆవిడ అదే రోజు సూది పట్టుకుంటారు. వేళ్ళ కీళ్ళు నొప్పి పెట్టేవారికి లావు పిడి ఉన్న సూది అన్నిటికన్నా మంచి కానుక.

అల్లిక నమూనాను నూలుతో పాటు రాసి పంపదలిస్తే, ఏ పద్ధతి పేర్లు వాడుతున్నారో పైన రాయాలి. అమెరికావారు సింగిల్ క్రోషే అనేదాన్ని బ్రిటన్‌వారు డబుల్ క్రోషే అంటారు. అమెరికావారి డబుల్ క్రోషే బ్రిటన్‌వారికి ట్రెబుల్. ఈ తేడా రాయకపోతే, ఒకరు అల్లిన టోపీకన్నా మరొకరి టోపీ రెట్టింపు పొడవుకు వెళుతుంది. డబ్బు పెట్టి కొన్న నమూనాను జిరాక్స్ తీసి పంచడం దాన్ని తయారుచేసినవారికి అన్యాయం. అసలు పుస్తకాన్నే ఇచ్చేయవచ్చు, లేకపోతే ఎక్కడ కొనుక్కోవచ్చో చెప్పవచ్చు.

నూలును సిద్ధం చేయడం

మార్పిడిలో అందరూ తొందరపడి దాటేసే భాగం ఇదే, అసలు శ్రద్ధ పెట్టవలసిన భాగమూ ఇదే. ఎంత మంచి నూలైనా వివరం తెలియకపోతే అందుకున్నవారు దాన్ని ఏం చేయాలో తోచక పక్కన పెట్టేస్తారు. పేరు, పోగు, పొడవు, రంగు లాట్ నంబరు ఉన్న లేబుల్ ఉంటే అది ఎంత నలిగినా సరే ఉండతోనే పంపాలి. ఒకే రంగు ఉండలు రెండు పంపేటప్పుడు లాట్ నంబర్లు ఒకటేనా కాదా అని చూడాలి. వేర్వేరు అద్దకాల్లో తయారైన ఉండలు దీపం వెలుగులో ఒక్కలాగే కనిపించి, అల్లిన తర్వాత పగటి వెలుగులో అడ్డంగా చారలా బయటపడతాయి. నంబర్లు వేరైతే ఆ మాట చీటీలో రాస్తే చాలు, అల్లేవారు రెండు ఉండల నుంచీ వరసకొకటిగా మార్చి మార్చి అల్లుకుంటారు.

లేబుల్ పోయిన ఉండ విషయంలో మూడు సంగతులు మనమే తేల్చాలి: పొడవు, మందం, పోగు.

పొడవుకు వంటింటి డిజిటల్ తూకం సరిపోతుంది. టేపుతో పది మీటర్ల నూలు కొలిచి, దాన్ని ఉండ నుంచి కత్తిరించకుండానే విడిగా తూకంపై కుప్పగా పెట్టి, ఉండ బరువు దానిమీద పడకుండా పక్కన చేత్తో పట్టుకుని బరువు చూడాలి. పది మీటర్లు 5 గ్రాములు తూగి, మొత్తం ఉండ 62 గ్రాములు ఉంటే పొడవు సుమారు 124 మీటర్లు. సన్నని దారానికి పది మీటర్లు చాలవు, తూకం కదలదు. అప్పుడు యాభై మీటర్లు కొలవాలి. తూకం లేని ఇంట్లో రెండు కుర్చీలను ఎదురెదురుగా పెట్టి, వాటి వీపుల చుట్టూ ఒక చుట్టు సరిగ్గా రెండు మీటర్లు వచ్చేటట్టు దూరం సర్ది, నూలును లాగకుండా చుట్టి, చుట్లు లెక్కపెట్టి రెండుతో గుణించవచ్చు. ఈ పద్ధతిలో కొలతతో పాటు నూలు చిలపగా, అంటే పొడవాటి వదులు చుట్టగా కూడా తయారవుతుంది, దాన్ని కడుక్కోవడానికీ వీలవుతుంది.

మందానికి ఒక స్కేలు కావాలి. నూలును స్కేలు మీద పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, సాగదీయకుండా చుట్టి అంగుళంలో ఎన్ని చుట్లు పట్టాయో చూడాలి. సుమారు 9 చుట్లు వస్తే వర్స్టెడ్ అనే లావు నూలు, 11 వస్తే డీకే, 14 వస్తే ఫింగరింగ్ అనే సన్న నూలు అనుకోవచ్చు. పురిలో కలిసిన పోగుల లెక్కను బట్టి, అంటే రెండు పోగులు, నాలుగు పోగులు అని చెప్పడం నమ్మదగింది కాదు, ఎందుకంటే నాలుగు సన్నని పోగులు కలిసినా రెండు లావు పోగులంత మందం రాకపోవచ్చు. పత్తి లేసు దారానికి లెక్క వేరు: 10, 20, 40 అంటూ నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 10 నంబరు దారానికి ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్రాంతంలోని ఉక్కు సూది నప్పుతుంది.

పోగు ఏదో తెలియాలంటే చిన్న ముక్కను కాల్చి చూడాలి. స్టీలు పళ్ళెంలో, పక్కన నీళ్ళు పెట్టుకుని, పట్టకారుతో పట్టుకుని, పిల్లలను దూరంగా ఉంచి రెండు అంగుళాల ముక్కను వెలిగించాలి. పత్తి కాగితం వాసనతో మండి, ముట్టుకుంటే పొడి అయిపోయే బూడిదను మిగులుస్తుంది. జంతు ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, మంట తీసేయగానే దాదాపు ఆరిపోతుంది, మిగిలిన నల్లని ముద్ద వేళ్ళ మధ్య నలుగుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక నలగని గట్టి పూసలా మిగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు దాన్ని తాకితే చేయి కాలుతుంది. రెండు పోగులు కలిసిన నూలులో ఈ గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి, అప్పుడు చీటీలో కలగలుపు అని రాయడమే నిజాయితీ.

ఇక శుభ్రత. ఏళ్ళుగా పెట్టెలో ఉన్న ఊలును ముందుగా నీడలో, గాలి తగిలేచోట ఒక రోజంతా ఆరవేయాలి. ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. కలరా ఉండల వాసన ఊలును అంత త్వరగా వదలదు కనుక, ఎవరికైనా ఇవ్వదలచిన నూలును మొదటినుంచీ వాటికి దూరంగా ఉంచడం మంచిది. జంతు ఊలులో పురుగు చేరిందన్న అనుమానం ఉంటే, గాలి చొరని కవరులో కట్టి ఫ్రీజరులో వారం పాటు ఉంచి, తీసిన తర్వాత దులిపి, పోగులు ఎక్కడైనా తెగిపోతున్నాయేమో సాంతం చూసుకోవాలి. తెగుతున్న ఊలును ఎవరికీ పంపకూడదు, పురుగు వారి పెట్టెలోకి కూడా చేరుతుంది. ఇంట్లో పిల్లీ కుక్కా ఉన్నా, సిగరెట్టు కాల్చేవారున్నా ఆ సంగతి ముందే చెప్పాలి. ఎలర్జీ, ఉబ్బసం ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఉండ చుట్టేటప్పుడు గట్టిగా బిగించకూడదు. రెండు వేళ్ళను ఉండకు ఆనించి వాటి మీదుగా చుట్టి, కొన్ని చుట్ల తర్వాత వేళ్ళు తీసి పక్కకు తిప్పి మళ్ళీ చుట్టుకుంటూ పోతే నూలుకు ఊపిరాడుతుంది, సాగిపోదు. చుట్టేటప్పుడు తగిలే ముళ్ళను లెక్కపెట్టుకోవాలి. అల్లి విప్పిన నూలైతే ముడతలు పడి ఉంటుంది. దాన్ని చిలపగా చేసి నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, నీడలో వేలాడదీస్తే నిటారుగా వస్తుంది. అంతా అయ్యాక ఉండకు ఒక చీటీ కట్టాలి. అందులో ఉండవలసింది ఇంతే:

“పత్తి నూలు, చిలకపచ్చ. బరువు 62 గ్రాములు, పొడవు సుమారు 124 మీటర్లు. డీకే మందం, 4 మిల్లీమీటర్ల సూది. వాడగా మిగిలినది, ఒకచోట ముడి ఉంది. మొదటిసారి ఉతికినప్పుడు కొంచెం రంగు దిగింది. ఇంట్లో పెంపుడు జంతువులు లేవు.”

కానుక ఎంచడం

నూలుతో పాటు చిన్న కానుక పెట్టడం చాలా బృందాల్లో ఆనవాయితీ. కుట్ల గుర్తులు, మొన మొద్దుగా ఉండే ఊలు సూది, చుట్టుకునే టేపు, గుండీలు, సూదులు పెట్టుకునే గుడ్డ సంచి వంటివి తేలికగా ఉంటాయి, ఎవరికైనా పనికివస్తాయి. మంగళగిరి చేనేత ముక్కతోనో, పోచంపల్లి ఇక్కత్ ముక్కతోనో కుట్టిన సూదుల సంచి దూరదేశంలో ఉన్న తెలుగువారికి ఎంత ప్రీతిపాత్రమో వేరే చెప్పనక్కరలేదు.

స్వయంగా అల్లిన వస్తువు ఇవ్వాలనుకుంటే కొలత అవసరం లేనివే ఎంచుకోవాలి: గ్లాసుల కింద పెట్టే గుడ్డలు, పుస్తకంలో పెట్టుకునే గుర్తు, గడపకు కట్టే చిన్న తోరణం. టోపీలు, మేజోళ్ళు ఇవ్వాలంటే కొలత అడిగి తీరాలి. ఆశ్చర్యపరచాలన్న కోరికతో అడగకుండా అల్లితే అవి పిల్లవాడికి పట్టవు. పసిపిల్లల బొమ్మలకు పూసల కళ్ళు పెట్టకుండా దారంతోనే కళ్ళు కుట్టాలి, ఎందుకంటే పూస ఊడితే అది నోట్లోకి వెళుతుంది. నెలల పాపాయి టోపీకి 40 నుంచి 50 గ్రాముల డీకే నూలు సరిపోతుంది కనుక, టోపీతో పాటు అదే రంగులో మిగిలిన నూలును కూడా పెడితే తల్లి దానికి జోడుగా మేజోళ్ళు అల్లుకోగలుగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చే కానుకలు ఇలాంటివే: మనం మొదలుపెట్టింది వారు కొనసాగించగలిగేవి.

ఖర్చు విషయంలో అనుకున్న పరిమితిని దాటకూడదు. ప్రేమకొద్దీ మూడింతలు విలువైనది పంపితే అందుకున్నవారు సంతోషించడం పోయి, తాము పంపింది తక్కువైందని కుంచించుకుపోతారు. అంత ఇవ్వాలనిపిస్తే పుట్టినరోజుకో, శ్రీమంతానికో విడిగా ఇవ్వవచ్చు.

తినుబండారాల గురించి కూడా చెప్పాలి. ఆవకాయ, కారప్పొడి, కాఫీపొడి, అగరువత్తులు ఏవీ నూలుతో ఒకే పెట్టెలో పెట్టకూడదు. నూలు వాసనను పీల్చుకుంటుంది, నూనె చుక్క పడితే ఆ మరక పోదు. ఇవ్వాలన్న ఆపేక్ష ఉంటే వాటిని వేరే పార్శిల్‌లో పంపాలి.

కట్టడం, పంపడం

నూలు తేలిక, కానీ చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. కొరియర్ సంస్థలు సాధారణంగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ సంఖ్య అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటాయి. 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టె ఇలా మూడు కిలోల లెక్కకు వస్తుంది, లోపల నూలు ముప్పావు కిలోనే ఉన్నా సరే. అందుకని ఉండలను చిలపలుగా మార్చి, మెలితిప్పి, పలచగా పరచి, గట్టి గుడ్డ సంచిలోనో మందపాటి కవరులోనో పంపితే ఖర్చు బాగా తగ్గుతుంది. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు లోపలి పొరగా తప్పకుండా ఉండాలి. సూదులను కార్డుబోర్డు ముక్కకు టేపుతో అంటించి పెట్టాలి. విడిగా వదిలితే మొన కవరును చీల్చుకుని బయటపడుతుంది. ఇద్దరి చిరునామాలూ ఫోను నంబర్లూ పైనే కాక, లోపల ఒక కాగితం మీద కూడా రాయాలి.

దేశంలోపల పంపడానికి స్పీడ్ పోస్టు అనుకూలంగా ఉంటుంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును కూడా అందులోనే కలిపారు. రసీదు మీది నంబరును అదే రోజు ఎదుటివారికి పంపి, రసీదును పార్శిల్ చేరేదాకా దాచాలి.

విదేశాల విషయం వేరు. కస్టమ్స్ పత్రంలో నూలు అని ఒక్క మాట రాస్తే చాలదు. “100 శాతం పత్తి క్రోషే దారం, 300 గ్రాములు” అని వస్తువు, పోగు, బరువు, నిజమైన విలువ రాయాలి. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు ఇస్తున్న సుంకం మినహాయింపును ఎత్తివేసింది, వ్యక్తులు పంపుకునే 100 డాలర్ల లోపు బహుమతులను మాత్రం అప్పట్లో దాని నుంచి తప్పించింది. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక పంపే ముందు పోస్టాఫీసులో అడిగి తెలుసుకోవాలి. మన దేశంలోకి వచ్చేవాటికి ఇంకా చిక్కు ఉంది: 2019 డిసెంబరులో బహుమతి పార్శిళ్ళకు ఉన్న సుంకం వెసులుబాటును ప్రాణాధార మందులకు, రాఖీలకు మాత్రమే పరిమితం చేశారు, కాబట్టి అమెరికా నుంచి వచ్చే మెరీనో ఊలుకు అందుకునేవారు సుంకం కట్టవలసి రావచ్చు. ఈ సంగతి ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. ఆ దేశం నుంచి సెలవులకు వచ్చే బంధువుల చేత పంపించుకోవడమే మన ఇళ్ళలో ఎక్కువగా జరిగేది, అదే తేలిక కూడా.

అందుకున్న తర్వాత

పార్శిల్ చేతికి రాగానే, విప్పకముందే సరే, అందిందని ఒక మాట పంపాలి. వ్రతం చివర వాయనం ఇచ్చే ఆవిడ “ఇస్తినమ్మ వాయనం” అంటే, అందుకునే ఆవిడ “పుచ్చుకుంటినమ్మ వాయనం” అని పైకి అనాలి కదా. ఇక్కడా అంతే, పుచ్చుకున్నట్టు నోరు తెరిచి చెప్పినప్పుడే ఇచ్చినవారి మనసు కుదుటపడుతుంది. ఆ తర్వాత నిదానంగా విప్పి, ఏది బాగా నచ్చిందో ప్రత్యేకంగా రాయాలి. “అన్నీ బాగున్నాయండీ” అన్న మాట కన్నా, “ఆ వంకాయరంగు ఉండతో మా అమ్మాయికి సంచి మొదలుపెట్టానండీ” అన్న మాటకు ఎదుటివారు ఎక్కువ మురిసిపోతారు.

కొత్త నూలును వెంటనే పెద్ద పనికి వాడకూడదు. తడిపిన తెల్లగుడ్డ మధ్య ఒక మూర నూలు పెట్టి ఒత్తి, రంగు అంటుతుందేమో చూడాలి. ముదురు ఎరుపు, ముదురు నీలం పత్తి నూళ్ళు ఎక్కువగా అంటుతాయి. అంటితే చిలపగా చేసి నీళ్ళు తేటపడేదాకా జాడించాలి, లేకపోతే తెల్ల నూలుతో కలిపి అల్లిన గుడ్డ మొదటి ఉతుకులోనే పాడవుతుంది. తర్వాత పది సెంటీమీటర్ల నమూనా ముక్క అల్లి, ఉతికి, ఎంత కుదించుకుందో చూసుకుని పని మొదలుపెట్టాలి. వచ్చిన నూలు ఎంత ఆలోచించినా మన పనికి రాదనిపిస్తే, పంపినవారికి ఆ మాట మర్యాదగా చెప్పి ఇంకొకరికి ఇవ్వవచ్చు, ఇందులో తప్పేమీ లేదు.

పార్శిల్ రాకపోతే ముందుగా పంపినవారు రసీదు నంబరుతో పోస్టాఫీసులో ఫిర్యాదు చేయాలి. అసలు పంపనే లేదని తేలితే, బృందం బాధ్యత చూసేవారు వారితో విడిగా, అందరి ముందూ కాకుండా మాట్లాడాలి. ఇంట్లో జబ్బో, పురుడో, పిల్లల పరీక్షలో అడ్డువచ్చి ఉండవచ్చు. ఈలోగా వట్టి చేతులతో ఉన్నవారికి మిగిలినవారు తలా ఒక ఉండ వేసి పంపితే బృందం చెదరదు.

చదరాల మార్పిడి

నూలు మార్చుకోవడం అలవాటైన బృందం తర్వాత వేయదగిన అడుగు గ్రానీ స్క్వేర్, అంటే మధ్య నుంచి బయటికి అల్లుకుంటూ పోయే చదరాల మార్పిడి. ఎక్కడెక్కడో ఉన్న చేతులు కలిస్తే ఎంత పని జరుగుతుందో చెన్నైలో 2016 జనవరి 31న మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ బృందం చూపించింది. వారు కలిసి తయారుచేసిన 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటి గిన్నిస్ రికార్డులకెక్కింది. మనకు అంత అవసరం లేదు. పన్నెండుమంది, ఎవరి నమూనా వారిదిగా, తలా 24 చదరాలు అల్లి, రెండు తమ దగ్గర ఉంచుకుని, మిగిలిన పదకొండుమందికీ తలా రెండు పంపితే, ప్రతి ఇంటికీ పన్నెండు రకాల చదరాలు రెండేసి చేరతాయి. చదరం 15 సెంటీమీటర్లయితే, నాలుగు వరసల్లో ఆరేసి చొప్పున కలిపితే 60కి 90 సెంటీమీటర్ల పాపాయి దుప్పటి తయారవుతుంది. మొదటి చదరాన్ని తూచి 24తో గుణించుకుంటే ఎంత నూలు కావాలో ముందే తెలుస్తుంది.

ఇక్కడ సూది సైజు కన్నా చదరం కొలతకే కట్టుబడాలి. ఒకే 4 మిల్లీమీటర్ల సూదితో, ఒకే నూలుతో అల్లినా, బిగువుగా అల్లేవారి చదరం 14 సెంటీమీటర్లు, వదులుగా అల్లేవారిది 16 సెంటీమీటర్లు రావచ్చు. సూదిని అర మిల్లీమీటరు పెంచో తగ్గించో 15కు తెచ్చుకోవాలి. అందరూ ఒకే పోగు వాడాలి, ఎందుకంటే పత్తి చదరం పక్కన ఉతుకుకు తట్టుకోని ఊలు చదరం ఉంటే ఒక్క ఉతుకుతో దుప్పటి వంకర తిరుగుతుంది. చదరాలను థర్మోకోల్ అట్ట మీద కొలత గీసుకుని, తుప్పుపట్టని గుండుసూదులతో మూలలు బిగించి, నీళ్ళు చిలకరించి ఆరనివ్వాలి. అక్రిలిక్ చదరాలకు ఇస్త్రీపెట్టె తగలకూడదు, తగిలితే పోగు చదునై మళ్ళీ పైకి లేవదు. మధ్యలోని కొసలన్నీ వెనక్కి తోసి దాచేసి, చివరి కొసను మాత్రం ఒక మూర పొడవు వదలాలి, కలిపి కుట్టుకోవడానికి అది పనికివస్తుంది. కలిపే నూలుగా తెలుపో, లేత బూడిద రంగో ముందే అందరూ అనుకుంటే పన్నెండు రకాల రంగులూ ఒక్కచోట కుదురుకుంటాయి. లెక్కకు మించి ఒకటి రెండు చదరాలు ప్రతివారూ అల్లి బాధ్యత చూసేవారి దగ్గర ఉంచాలి. ఎవరివైనా టపాలో పోయినా, ఎవరైనా మధ్యలో ఆగిపోయినా ఆ లోటు వీటితో పూడుతుంది.